కుదురుగా కూర్చోలేని పిల్లల కోసం: మన తల్లిదండ్రుల సంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

కిందటేడు సర్వసభ్య సమావేశం ముగుస్తుండగా వెనక వరసలోంచి ఒక తల్లి లేచి ఒక మాట అడిగింది. "మా వాడి చేత రోజూ గోడకుర్చీ వేయిస్తున్నారండి. కదలకుండా కూర్చోవట్లేదని ఆ శిక్ష. కాళ్ళు వణికేదాకా అలా ఉంచితే ఆ తర్వాత పాఠం ఎలా ఎక్కుద్దండీ?" ఆ రోజు ఎవరి దగ్గరా జవాబు లేదు. నేనైతే తల దించుకున్నాను. హోంవర్కు దగ్గర కాలు ఊపొద్దని మా అబ్బాయిని చేతి మీద కొట్టినదాన్ని నేను.

ఈ ఏడాది మనం చేసిన పనిలో ఎక్కువ భాగం ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది. అందుకే ఈ నివేదికలోనూ ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను. మిగతా పనుల గురించి చివర్లో రెండు మాటలు చెబుతాను.

ముందు మనమే నేర్చుకోవాలనుకున్నాం. బడులు తెరిచాక ఒక ఆదివారం, కాకినాడలో పనిచేసే ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టును (రోజువారీ పనుల్లో ఇబ్బందిపడేవాళ్ళకు సాధన నేర్పే నిపుణురాలు) మన ఊరికి పిలిచాం. పంచాయతీ ఆఫీసు వరండాలో తల్లులతో పాటు బడి టీచర్లు, ఇద్దరు అంగన్‌వాడీ కార్యకర్తలు కూడా కూర్చుని విన్నారు. ఆవిడ చెప్పినవాటిలో నాకు బాగా పట్టుబడిన సంగతి ఇది. మనకు చిన్నప్పుడు అయిదు ఇంద్రియాలే నేర్పారు. కానీ ఒంటికి ఇంకా కొన్ని తెలివిడులు ఉన్నాయి. చెవి లోపల అర్ధచంద్రాకారంలో మూడు సన్నని గొట్టాలు, వాటిలో ద్రవం ఉంటాయి. తల ఎటు తిరిగినా ఆ ద్రవం కదిలి మెదడుకు కబురు చెబుతుంది. ఇంకొకటి కండరాల్లోనూ కీళ్ళలోనూ ఉంటుంది. చెయ్యి ఎక్కడుందో, ఎంత బలం పెడుతోందో అది చెబుతుంది. కళ్ళు మూసుకున్నా అన్నం ముద్ద తిన్నగా నోటికే చేరేది దాని వల్లే.

కొందరు పిల్లలకు ఈ కబుర్లు మామూలు కంటే ఎక్కువ కావాల్సి వస్తాయి. వాళ్ళు బెంచీ మీద ముందుకీ వెనక్కీ ఊగుతారు, పెన్సిలు కొరుకుతారు, చొక్కా కాలరు నములుతారు, పక్కవాడి మీద వాలతారు. మరి కొందరికి మామూలుగా వచ్చేవే ఎక్కువైపోతాయి. గంట కొట్టగానే చెవులు మూసుకుంటారు. బోర్డు మీద సుద్దముక్క కీచుమంటే ఏడుస్తారు. కాలర్లో చీటీ గుచ్చుకుంటోందని రోజంతా గోక్కుంటారు. రెండు రకాల పిల్లల్నీ మనం ఇన్నాళ్ళూ ఒకే మాటతో పిలిచాం: అల్లరి.

ఈ ఆలోచనకు రూపం ఇచ్చినావిడ జీన్ ఏర్స్. 1960, 70 దశకాల్లో పనిచేసిన అమెరికా థెరపిస్టు. ఆవిడ సిద్ధాంతం మీద పరిశోధకుల్లో ఇప్పటికీ వాదనలు ఉన్నాయని మన అతిథే దాచకుండా చెప్పారు. అయితే మామూలు తరగతిలో పాఠానికీ పాఠానికీ మధ్య పిల్లల్ని కాసేపు కదిలిస్తే తర్వాతి పాఠంలో ధ్యాస మెరుగవుతుందన్నది వేరే సంగతి. అది ఆ సిద్ధాంతం మీద ఆధారపడదు. తరగతి గదుల్లో చేసిన చాలా అధ్యయనాల్లో అది కనిపించింది. మార్కుల విషయంలో మాత్రం ఫలితాలు ఒకేలా రాలేదు. అందుకే మార్కులు పెరుగుతాయని మనం ఏ టీచరుకూ మాట ఇవ్వలేదు. ఫిన్లండులో 45 నిమిషాల పాఠం తర్వాత 15 నిమిషాలు బయటికి వదిలే అలవాటు చాలా కాలంగా ఉంది. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్ళు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన పిల్లలకు అందులో ఎంత దొరుకుతోందో ఎవరింట్లో వాళ్ళు చూసుకుంటే తెలుస్తుంది.

"మా రోజుల్లో ఇవన్నీ ఉన్నాయా? మేం చదువుకోలేదా?" అని ఊళ్ళో పెద్దలు కొందరు అడిగారు. అడగాల్సిన మాటే. వాళ్ళు కాలవగట్టు మీద నడిచి బడికి వెళ్ళారు. దారిలో కోతి కొమ్మచ్చి ఆడారు, ఇంటికొచ్చి గేదెకు గడ్డి మోపు మోశారు. ఆ కదలికంతా బడికి బయటే తీరిపోయేది. ఇప్పటి పిల్లాడు ఇంటి ముందు ఆటో ఎక్కి, బడి ముందు దిగి, సాయంత్రం ట్యూషన్లో కూర్చుని, రాత్రి ఫోను పట్టుకుంటున్నాడు.

పని మొదలుపెట్టింది ప్రాథమిక పాఠశాలలో, 1, 2, 3 తరగతుల్లో. ఇరవై, పాతిక నిమిషాల పాఠం తర్వాత రెండు మూడు నిమిషాలు ఒళ్ళు కదిలించే విరామం. టైము ఎప్పుడన్నది టీచరు ఇష్టానికే వదిలాం. బజారులో కొన్న సామాను ఏమీ లేదు. పాత గోనెసంచులతో మన సభ్యులు చిన్న చిన్న మూటలు కుట్టారు. ఇల్లు కట్టుకుంటున్న ఒకరు వాటిలో పోయడానికి ఇసుక ఇచ్చారు. లాగడానికి కొబ్బరి పీచు తాడు, చెప్పుల్లేకుండా నడవడానికి పీచు చాప, పిసకడానికి కాలవ ఒడ్డు బంకమన్ను. ఆటలు మన అమ్మమ్మలవే. తొక్కుడుబిళ్ళలో ఒంటికాలి మీద నిలబడడం ఉంది. చెమ్మచెక్కలో తాళం ఉంది, ఎదుటివాళ్ళ చేతుల్ని కనిపెట్టి ఉండడం ఉంది. ఒప్పులకుప్పలో గిరగిరా తిరగడం, తాడులాటలో ఒళ్ళంతా బిగబట్టి లాగడం ఉన్నాయి. థెరపిస్టు పేర్లు పెట్టి చెప్పినవన్నీ మన వాకిట్లోనే ఉన్నాయని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇక్కడ రాయకుండా ఉండలేను.

మొదటి పదిహేను రోజులూ మాత్రం చేదుగా గడిచాయి. పిల్లల్ని బయటికి వదిలితే పరుగులు పెట్టారు. లోపలికి వచ్చాక ఇంకా రెచ్చిపోయారు. రెండో తరగతి టీచరమ్మ "మీ పుణ్యమా అని ఉన్న పాఠం కూడా పోయిందండీ" అని మొహమ్మీదే అన్నారు. ఆవిడ తప్పేమీ లేదు, తప్పు మనదే. ఎగరడంతో మొదలుపెట్టి ఎగరడంతోనే ఆపేశాం. థెరపిస్టుకు ఫోన్ చేస్తే వరస మార్చమన్నారు. ముందు గెంతడం, తర్వాత బరువు పని, అంటే తోయడం, లాగడం, మోయడం. ఆఖర్న నెమ్మదైనది ఒకటి. ఆ బరువు పని దగ్గరే తేడా వచ్చింది. రెండు అరచేతులూ గోడకు ఆనించి, గోడను వెనక్కి జరిపేస్తామన్నట్టు పదంకెలు లెక్కపెట్టేదాకా తోయాలి. రెండు సార్లు తోశాక పిల్లలు వాళ్ళంతట వాళ్ళే ఊపిరి వదిలి నెమ్మదించేవాళ్ళు. గోడకుర్చీ వేసిన పిల్లాడు కూడా ఇప్పుడు అదే గోడను తోస్తున్నాడు. రోజూ పొద్దున్న తాగునీటి బిందె తరగతిలోకి మోసుకొచ్చే జట్టులో కూడా వాడున్నాడు.

ఇంకో పాఠం ఒప్పులకుప్ప నేర్పింది. ఒక పాప ఎక్కువ తిరిగి వాంతి చేసుకుంది. అప్పటినుంచి తిరిగే ఆట మూడు చుట్లకు మించకూడదని, పిల్లలు వద్దంటే బలవంతం చేయకూడదని పెట్టుకున్నాం. మూర్ఛ వచ్చే పిల్లలు ఎవరైనా ఉన్నారేమో ముందే తల్లిదండ్రుల్ని అడిగి, వాళ్ళను ఆ ఆటకు దూరంగా ఉంచుతున్నాం. పిల్లలు ఆడే జాగా పైన ఉన్న కొబ్బరిచెట్లకు దింపు తీయించి (కాయలు దించించి), ఎండుమట్టలు కొట్టించాకే అక్కడ ఆటలు మొదలుపెట్టాం. దింపు కార్మికులు ఆ పనికి కూలి తీసుకోలేదు. వాళ్ళకు సంఘం తరఫున చేతులెత్తి దణ్ణం.

చప్పుళ్ళు భరించలేని పిల్లల కోసం ప్రతి గదిలో ఒక మూల చాప వేసి, కిటికీకి పాత చీర తెరగా కట్టాం. ఒక తరగతిలో కొన్నాళ్ళకు అది "అల్లరి చేస్తే అక్కడికి పో" అనే మూలగా మారింది. అక్కడికి వెళ్ళే పిల్లాడు తనంతట తను వెళ్ళాలి, తనంతట తను రావాలి. ఆ ఒక్క సంగతి టీచరుతో మళ్ళీ కూర్చుని మాట్లాడి, చాపను గది రెండో వైపుకు మార్చాం.

ఈ పిల్లలకు బడి ఒక్కటే కాదు, పండగలు కూడా కష్టమే. కనుమ నాడు, వెదురుతో ఎత్తుగా కట్టిన ప్రభలను భుజాల మీద మోసుకొచ్చే జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళని ఇల్లు మన వైపు ఉంటుందా? ఆటిజం ఉన్న ఒక బాబు ఏటా ఆ డప్పులకూ బాణాసంచాకూ నేల మీద పడి ఏడ్చేవాడు. తల్లి వాణ్ణి పట్టుకుని ఇంట్లోనే ఉండిపోయేది. ఈసారి ముందే అనుకుని, ప్రభకు రంగు గుడ్డలు కడుతున్న పొద్దుటి పూటే వాణ్ణి వీధిలోకి తీసుకెళ్ళారు. చెవుల్లో దూది పెట్టారు, చేతికి ఇసుక మూట ఇచ్చారు. ప్రభను తాకి, డప్పులు మొదలయ్యేలోపు ఇంటికి వచ్చేశారు. వాడి తల్లి ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడింది.

డిసెంబరు 7న రాష్ట్రమంతటా ప్రభుత్వ బడుల్లో జరిగిన మెగా పేరెంట్ టీచర్ మీటింగు మనకు కలిసొచ్చింది. చెప్పడం కంటే చేయించడం మేలని, వచ్చిన తల్లిదండ్రులందరి చేతా గోడ తోయించాం. తాతలు కూడా తోశారు. ఆ రోజే పాఠశాల యాజమాన్య కమిటీ ముందు ఒక కోరిక పెట్టాం: హోంవర్కు చేయలేదనో, మాట్లాడాడనో ఏ పిల్లాడికీ ఆట గానీ ఈ విరామం గానీ ఆపకూడదని. ఏ పిల్లాడి విరామం ఆపుతారో, అది ఎక్కువ అవసరమైనది వాడికే. విద్యాహక్కు చట్టం 17వ సెక్షను శరీరాన్ని హింసించే శిక్షలనూ మనసును బాధపెట్టే వేధింపులనూ నిషేధించింది. ఆ సంగతి కూడా చదివి వినిపించాం. కమిటీ ఒప్పుకుంది. ఒక టీచరు గారు మాత్రం భయం లేకపోతే పిల్లలు వినరని ఇప్పటికీ అంటున్నారు. ఆయనతో మాట్లాడడం మానలేదు, మానం.

ఇక్కడ ఒక హెచ్చరిక. ధ్యాస కుదరని ప్రతి పిల్లాడికీ కదలికే మందు అనుకోవద్దు. మూడో తరగతి పాప ఒకతె బోర్డు వైపు చూడదని టీచరు బాధపడేవారు. కళ్ళ పరీక్ష చేయిస్తే అద్దాలు పడ్డాయి. పొద్దున్న ఏమీ తినకుండా వచ్చే పిల్లలు, రాత్రి పదకొండు దాకా ఫోను చూసి నిద్ర చాలని పిల్లలు మన ఊళ్ళో ఉన్నారు. వాళ్ళకు కావల్సింది అన్నం, నిద్ర. అనుమానం ఎక్కువగా ఉంటే మండల కేంద్రంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రానికి తీసుకెళ్ళండి. ఆటిజమూ, చదువులో వచ్చే ప్రత్యేక ఇబ్బందులూ 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల్లో ఉన్నాయి. పేరు పెట్టించుకోవడానికి సిగ్గుపడితే పిల్లలకు రావలసిన సాయం ఆగిపోతుంది. ఒంటి మీద బరువు ఆనేలా తయారుచేసే బరువు చొక్కాలు ఆన్‌లైన్లో తెప్పిద్దామని ఇద్దరు సభ్యులు అడిగారు. అవి ధ్యాసను పెంచుతాయనడానికి గట్టి ఆధారం కనిపించలేదు గనుక కార్యవర్గం వద్దనుకుంది.

జూలై వరద రోజుల్లో గోదావరి మధ్య లంకల్లో ఉండే పిల్లలకు బడి పోయింది. తిరిగి వచ్చాక మొదటి వారం ఎవరూ కుదురుగా లేరు. ఆ వారం విరామాలు రెట్టింపు చేసిన టీచర్లకు కృతజ్ఞతలు. మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక ఎండకూ ఉక్కకూ భయపడి ఆటలన్నీ వరండాలోకి మార్చాం.

మనం చేయలేకపోయినవి కూడా రాయాలి. హైస్కూల్లో పని మొదలుపెట్టలేకపోయాం. అక్కడ పీరియడ్ల ఒత్తిడి వేరు. 6వ తరగతి దాటిన ఆడపిల్లలు అందరి ముందూ గెంతడానికి సిగ్గుపడి వెనక్కి తగ్గారు. వాళ్ళతో కూర్చుని మాట్లాడితే, వేరే వరండా, పక్కన ఒక టీచరమ్మ ఉంటే ఆడతామన్నారు. వచ్చే జూన్లో మొదట చేయాల్సిన పని అదే. వ్యానుల్లో పట్నం బడులకు వెళ్ళే మన ఊరి పిల్లల గురించి ఆలోచన ఇంకా మొదలే కాలేదు.

మిగతావి: పాత నోటు పుస్తకాల సేకరణ, పంపిణీ ఎప్పట్లాగే జరిగాయి. గ్రంథాలయంలో పిల్లల బీరువాకు తాళం వేయడం మాన్పించాం. ఫిబ్రవరి 10 నులిపురుగుల మాత్రల రోజున మన సభ్యులు బడికి వెళ్ళి సాయపడ్డారు. జమాఖర్చుల పట్టిక కోశాధికారి విడిగా చదువుతారు.

జూన్లో బడి తెరిచేలోపు మూటలన్నీ కొత్తగా కుట్టాలి. వానకు తడిసి సగం చిరిగాయి. ఇంట్లో పాత గోనెసంచులు ఉన్నవాళ్ళు ఉతికి, ఆరబెట్టి, మే ఆఖరుకు పంచాయతీ ఆఫీసు వరండాలో ఇవ్వండి. సూది పట్టగలవాళ్ళు నలుగురైదుగురు రెండు పూటలు కూర్చుంటే పని అయిపోతుంది. మొదటి పేరు నాది రాశాను.

కార్యదర్శి