గ్లాసులు కడిగిన చేతులకు, విస్తళ్ళు కుట్టిన చేతులకు

అందరికీ నమస్కారం.

తాబేళ్ళు, కృష్ణజింకలు, చిలికా సరస్సు గురించి ఒడిశాలోని బరంపురంలో మేం పెట్టుకున్న రెండు రోజుల సదస్సు ముగిసి ఇవాళ్టికి వారం. మత్స్యశాఖ ఉద్యోగులు, అటవీశాఖ గార్డులు, పరిశోధన చేస్తున్న పిల్లలు, గంజాం తీరంలో వేటకెళ్ళే మత్స్యకారులు అంతా కలిపి 140 మంది వచ్చారు. చివరి రోజు సాయంత్రం వేదిక మీద కృతజ్ఞతలు చెప్పే పని నాకు అప్పగించారు. చేతిలో ఉన్న కాగితం చూసి అతిథుల పేర్లు, వక్తల పేర్లు చదివి దిగిపోయాను. వంటశాల వెనక ఎండలో నిలబడి పనిచేసినవాళ్ళ ప్రస్తావన ఆ కాగితంలో లేదు. అది నా పొరపాటే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ బాకీ తీర్చుకోవడానికే ఇది రాస్తున్నాను. పేర్లు రాయొద్దని వాళ్ళలో చాలామంది అన్నారు కాబట్టి వరసలతోనే పిలుచుకుంటాను.

మూడు నెలల కిందట మొదటి మీటింగ్‌లో మేం అనుకున్నది ఒకటే. తాబేళ్ళ గురించి, కృష్ణజింకల గురించి, చిలికా గురించి మాట్లాడటానికి కూర్చుంటున్నాం. లేచి వెళ్ళేటప్పుడు వెనక ట్రాక్టరు లోడు చెత్త వదిలిపెట్టకూడదు. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, థర్మోకోల్ అలంకరణలు, 100 మైక్రాన్ల కంటే పల్చని పీవీసీ బ్యానర్లు 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధమే. కానీ మంచినీళ్ళ సీసా ఆ జాబితాలో లేదు. మనిషికి రోజుకు నాలుగు సీసాలు వేసుకున్నా 140 మందికి రెండు రోజులకు 1,120 సీసాలు. ఆ లెక్క వేశాకే స్టీలు గ్లాసుల మాట వచ్చింది. ఒక గుడి కమిటీ పెద్దలు అన్నదానానికి వాడే గ్లాసులు 300, నీళ్ళు పోసుకునే డ్రమ్ములు ఆరు పైసా అద్దె లేకుండా ఇచ్చారు. ముందుగా వాళ్ళకు దండాలు.

గ్లాసులు వచ్చాక తెలిసింది అసలు సంగతి. ప్లాస్టిక్ వద్దని తీర్మానం చేయడానికి పది నిమిషాలు చాలు. ఆ ప్లాస్టిక్ తప్పించే పని మాత్రం ఎవరో ఒకరి చేతుల మీద పడుతుంది. పొద్దున టీ, పదకొండింటికి మళ్ళీ టీ, భోజనం, సాయంత్రం టీ, మధ్యలో మంచినీళ్ళు. మూడు వందల గ్లాసులు రోజుకు కనీసం నాలుగుసార్లు కడగాలి. మా ప్లానులో ఎక్కడా కడిగేవాళ్ళ ఖర్చు రాసుకోలేదు. "వాలంటీర్లు చూసుకుంటారు" అని ఒక్క ముక్క రాసి వదిలేశాం.

హాలు వెనక వీధిలో ఉండే పెద్దప్ప దగ్గరికి వెళ్ళాను. ఆవిడ మా అమ్మకంటే పెద్దది, ఆ వీధిలో అందరికీ పెద్దప్పే. పెళ్ళిళ్ళలో అంట్లు తోమే ఆడవాళ్ళ జట్టు ఆవిడ కింద ఉంది. నేను పర్యావరణం గురించి ఏదో చెప్పబోతే ఆపేసింది. "అదంతా తర్వాత చెప్దువుగాని బిడ్డా. కూలెంతో ముందు చెప్పు. నీళ్ళెక్కడి నుంచి వస్తాయో చూపించు. అప్పుడు గ్లాసుల మాట" అంది. ఇద్దరం వెళ్ళి కుళాయి చూశాం. అది ఎండలో ఉంది. రెండు గంటలు వంగి తోమితే నడుం పోతుందని చెప్పి, బల్లలు వేయించమంది, పైన పందిరి వేయించమంది. ఐదుగురికి కూలి అక్కడే ఖాయం చేసుకుంది. అందులో ఒక్క మాటా అదనం కాదు. పందిరి లేకుండా, బల్లలు లేకుండా, కూలి తేల్చకుండా మేం ఆ సదస్సు జరిపి ఉంటే మా చెత్త బరువును తీసుకెళ్ళి ఆ ఐదుగురి నడుముల మీద పెట్టినట్టే అయ్యేది.

వాళ్ళు పనిచేసిన పద్ధతి నేను కళ్ళారా చూశాను. మొదటి తొట్టిలో ఉత్త నీళ్ళు, టీ మరక వదలడానికి. రెండో తొట్టిలో కొబ్బరి పీచుతో తోమడం. మూడోదాంట్లో వేడినీళ్ళు. అక్కడి నుంచి తీసిన గ్లాసుల్ని నవారు మంచం మీద బోర్లించి ఎండలో పెట్టారు. మొత్తం నాలుగు మంచాలు. నవారు సందుల్లోంచి నీళ్ళు కిందికి దిగిపోతాయి, అడుగు నుంచి గాలి తగులుతుంది, పావుగంటలో గ్లాసు ఆరిపోతుంది. గుడ్డతో తుడవాల్సిన పనే లేదు. మొదటి తొట్టి నీళ్ళు పారబోయకుండా హాలు పక్కన అరటి మొక్కలకు మళ్ళించారు. ఆ ఆలోచన కూడా పెద్దప్పదే. చేపల మీద, నీటి మీద పీహెచ్‌డీలు చేసినవాళ్ళం పది మందిమి ఉన్నాం, మాకెవరికీ తట్టలేదు.

రెండో రోజు పదింటికి బోరు మోటరు కాలిపోయింది. ఆ టెన్షన్ ఇప్పుడు తలుచుకున్నా నాకు చెమటలు పడతాయి. డ్రమ్ములు సగం ఖాళీ, వంటకు నీళ్ళు లేవు. అప్పుడు ఎదురింటి మావయ్య ఎవరూ అడక్కముందే తన బావి మోటరుకు పైపు తగిలించి రోడ్డు దాటించి మా తొట్టిలో పడేశారు. రోడ్డు మీద వెళ్ళే ఆటోలు పైపును తొక్కకుండా ఇద్దరు కుర్రాళ్ళు అటూ ఇటూ ఇటుకలు పేర్చి మధ్యాహ్నం దాకా కాపలా కాశారు. మావయ్యా, ఆ రోజు మీరు కరెంటు బిల్లు డబ్బు తీసుకోలేదు. ఈ ఎండాకాలం మీ బావి పూడిక తీయించే ఖర్చు మాది. దయచేసి కాదనకండి.

విస్తళ్ళు గజపతి జిల్లా నుంచి వచ్చాయి. పర్లాకిమిడి దాటాక కొండల్లో ఉండే సవర ఆడవాళ్ళు కుట్టినవి. ఒడియాలో సియాలి అంటారు, మనకు అడ్డాకు. పెద్ద తీగ, ఆకు అరచేతికంటే వెడల్పు. నాలుగైదు ఆకులు ఒకదాని మీద ఒకటి పేర్చి సన్నటి వెదురు పుల్లలతో కుడతారు. వాళ్ళ దగ్గర కూర్చుని నేనూ ఒకటి కుట్టాను. పుల్ల ఎక్కువ గుచ్చితే ఆకు చిరుగుతుంది, తక్కువ గుచ్చితే పులుసు కారిపోతుంది. నేను ఒకటి ముగించేలోపు నా పక్కనున్న చెల్లెమ్మ తొమ్మిది కుట్టింది. రెండు రోజులకు 700 విస్తళ్ళు తీసుకున్నాం. తిన్నాక అన్నీ గోతిలో పేడతో కలిపి కప్పేశాం. బేరం ఆడకుండా వాళ్ళు చెప్పిన ధర ఇచ్చినందుకు నాకు తృప్తిగా ఉంది. మార్కెట్లో దళారీ చేతులు మారిన విస్తరి ధరలో వాళ్ళకు దక్కేది ఎంతో అక్కడ కూర్చుంటేనే తెలుస్తుంది.

బ్యానరు విషయంలో మాత్రం గుండె జారిపోయింది. గుడ్డ బ్యానరు కావాలని పదిసార్లు చెప్పినా, ముందురోజు సాయంత్రం ఒక షాపు నుంచి నిగనిగలాడే ఫ్లెక్సీ వచ్చింది. వెనక్కి పంపేశాం. ఇక బ్యానరు లేకుండానే కానిద్దామనుకున్నాం. అప్పుడు గోపాల్‌పూర్‌లో పడవల మీద పేర్లు రాసే తాతను ఎవరో పిలుచుకొచ్చారు. ముతక గుడ్డ నేల మీద పరిచి, రాత్రి తొమ్మిదింటికి మొదలుపెట్టి మూడింటికి ముగించారు. ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మూడు లిపుల్లో రాసి, ఒక మూల తాబేలు, ఇంకో మూల కృష్ణజింక వేశారు. తాబేలు వీపు మీది పెంకులు లెక్కపెట్టి మరీ వేశారు. "వలలో పడ్డప్పుడల్లా విడిపించి వదిలిన జంతువమ్మా, నాకు తెలీదా దాని వీపు" అన్నారు. ఆ బ్యానరు మీద తేదీ వేయించలేదు. వచ్చే ఏడాదీ అదే కడతాం.

భోజనం గురించి మాలో మాకు పెద్ద వాదనే జరిగింది. శాకాహారం ఒక్కటే పెడితే పర్యావరణానికి మంచిదని కొందరు అన్నారు. ఆ మాట విన్న, సముద్రపు ఒడ్డు ఊరు పోడంపేట నుంచి వచ్చిన పిన్ని ఒకావిడ ముఖం చిన్నబోయింది. "మా చేప తినకుండా మా గురించి మీరేటి మాట్లాడుకుంటారమ్మా?" అంది. నిజమే కదా. కానీ ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర తాబేళ్ళ కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపల వేట మీద నిషేధం ఉంటుంది. మేం కలిసింది జనవరిలో. దానికి దారి కూడా పిన్నే చూపించింది. దసరాకు ముందే పట్టి ఇసుకలో ఎండబెట్టి దాచిన నెత్తళ్ళు తెచ్చింది. ఐసు అక్కర్లేదు, థర్మోకోల్ పెట్టె అక్కర్లేదు, ఫ్రిజ్ అక్కర్లేదు. వంకాయతో కలిపి ఇగురు పెట్టింది. రెండో రోజు ఆస్కా వైపు చెరువు రైతు రోహు, బొచ్చె పంపారు. తెల్లవారుజామున పట్టి, డేక్సాల్లో వేసి, పైన తడి గోనెపట్టా కప్పి ఏడింటికల్లా చేర్చారు. ఎండు నెత్తళ్ళ కూర రెండోసారి అడిగి వడ్డించుకున్నవాళ్ళలో శాకాహారం పెడదామన్నవాళ్ళూ ఉన్నారు.

ప్రయాణాల సంగతి క్లుప్తంగా చెప్తాను. ఇలాంటి సభల్లో ఎక్కువ ఇంధనం కాలేది రాకపోకల దగ్గరే. బరంపురం హౌరా-చెన్నై మెయిన్ లైను మీద ఉంది కాబట్టి విమానం టికెట్లు ఇవ్వలేమని ముందే రాసేశాం. భువనేశ్వర్ నుంచి, శ్రీకాకుళం నుంచి, విశాఖ నుంచి చాలామంది రైల్లోనే వచ్చారు. స్టేషను నుంచి రెండు బస్సులు పెట్టాం. అందరికంటే దూరం నుంచి వచ్చినవాళ్ళు మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరోంచ మిత్రులు ఇద్దరు. ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు వాళ్ళది. అక్కడ మరాఠీ బోర్డుల కింద తెలుగు మాట్లాడతారు, ఇక్కడ ఒడియా బోర్డుల కింద మనం మాట్లాడినట్టే. నది చేపల మీద వాళ్ళు చెప్పిన మాటలు సముద్రం వాళ్ళకు కొత్తగా ఉన్నాయి. ఇన్ని బస్సులు, రైళ్ళు మారి వచ్చిన మీ ఓపికకు నమస్కారం అన్నా.

ఒడియాలో చెప్పింది తెలుగులోకి, తెలుగులో చెప్పింది ఒడియాలోకి అప్పటికప్పుడు మార్చిన ఇద్దరు డిగ్రీ అమ్మాయిల్ని ఎంత పొగిడినా తక్కువే. చిలికాకు 2000 సెప్టెంబరులో సముద్రంలోకి కొత్త మొగ తవ్వాక ఉప్పునీరు మళ్ళీ ఎలా లోపలికి వచ్చిందో, చేపలు ఎలా తిరిగొచ్చాయో, రామ్‌సర్ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితా నుంచి 2002లో చిలికా పేరు ఎలా తీసేశారో ఒక పెద్దాయన ఒడియాలో చెబుతుంటే, మా తెలుగు మత్స్యకారులు ఒక్క మాట పోకుండా విన్నారు. గంజాం జిల్లా భేట్‌నోయి వైపు రైతులు తమ పొలాల్లో పడి మేసే కృష్ణజింకల్ని తరమకుండా తరాలుగా ఎందుకు కాపాడుతున్నారో కూడా అలాగే అర్థమైంది. ఆ జింక అడుగుపెట్టిన పొలం పచ్చగా ఉంటుందని వాళ్ళ నమ్మకం.

తీరం దగ్గర తీసుకున్న నిర్ణయం గురించి చెప్పాలి. ఋషికుల్య తీరంలో తాబేళ్ళు వేలాదిగా ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయన్న సంగతి 1994లో బయటి ప్రపంచానికి తెలిసింది. 2023లో ఒక్క సీజనులోనే 6 లక్షలకు పైగా వచ్చాయి. ఇంత దూరం వచ్చాక ఇసుక మీద నడవాలని 140 మందికీ ఉంటుంది. మాకూ ఉంది. ఊరి కుర్రాళ్ళ కమిటీతో మాట్లాడితే వాళ్ళు సూటిగా చెప్పారు: ఆ ఇసుక ఇప్పుడు తాబేళ్ళది. అప్పటికే ఒకటీ అరా తాబేళ్ళు ఒడ్డుకొచ్చి గుడ్లు పెడుతున్నాయి. ఒక్కో గూడులో వందకు అటూ ఇటూగా గుడ్లుంటాయి, పైన గుర్తేమీ ఉండదు. టార్చిలైటు పడితే తల్లి గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరుగుతుంది. పిల్లలు పుట్టాక ఎటు వెలుగుంటే అటు పాకుతాయి, ఊరి దీపాలవైపు వచ్చి చచ్చిపోతాయి. అందుకని తీరం టూరు రద్దు చేశాం. మొత్తం సదస్సులో మేం చేసిన అతి మంచి పని అదేనని నా అభిప్రాయం. కొందరు నిరుత్సాహపడ్డారు, తెలుసు. దానికి బదులు ఆ కుర్రాళ్ళే ఊళ్ళో చెట్టు కింద కూర్చోబెట్టి రెండు గంటలు మాట్లాడారు. పాత పోడంపేటను సముద్రం ఎలా కోసేసిందో, ఇళ్ళు వదిలి కొత్త కాలనీకి ఎలా వచ్చారో చెప్పారు. సొంత ఇల్లు సముద్రంలో కలిసిపోయినవాళ్ళు అదే సముద్రపు జీవాలకు రాత్రుళ్ళు కాపలా కాస్తున్నారు. తమ్ముళ్ళూ, మీకు రెండు చేతులూ జోడిస్తున్నాను.

జరగనివీ ఉన్నాయి. కరెంటు పోయినప్పుడు డీజిలు జనరేటరు గంటసేపు నడిచింది. వద్దన్నా తొమ్మిది కార్లు వచ్చాయి. పాల ప్యాకెట్లు, నూనె ప్యాకెట్లు కలిపి ఒక గోతాం నిండింది. వచ్చేసారి పాలు క్యాన్లలో పోయమని పాలవాళ్ళతో ఇప్పటికే మాట్లాడాం.

చివరగా ఒక విన్నపం. గుడి వాళ్ళకు గ్లాసులు అప్పగించేటప్పుడు పెద్దప్పే కూర్చుని లెక్కపెట్టింది. 298 వచ్చాయి. రెండు తగ్గాయి. వాటి అంచు కింద గుడి పేరు చెక్కి ఉంటుంది. ఎవరి సంచిలోనైనా పొరపాటున వెళ్ళిపోయి ఉంటే, శివరాత్రి అన్నదానం లోపు హాలు దగ్గర ఇచ్చేయండి. పెద్దప్ప రోజూ అడుగుతోంది.