ముందు బిడ్డ చొక్కా ఎత్తి చూడండి

సంపాదకులు గారికి,

వానలు మొదలైతే మా దేవరకొండ వైపు ప్రతి ఇంట్లో ఒక పిల్లాడు జ్వరంతో పడుకొని ఉంటాడు. దవాఖానకు పోతే, చాలాచోట్ల బిడ్డను ముట్టుకోకముందే చీటీ చేతిలో పెడుతున్నారు: సీబీపీ (రక్తకణాల లెక్క), మలేరియా, డెంగీ, వైడాల్ (టైఫాయిడ్ పరీక్ష). డెంగీకి తొలి 5 రోజుల్లో చేసే ఎన్‌ఎస్1 పరీక్షకు అర్థముంది. నా గొడవంతా వైడాల్‌తోనే.

పోయిన నెల మా మనవడికి, 14 నెలలవాడు, జ్వరం, దగ్గు వచ్చాయి. ఒక ప్రైవేటు దవాఖానలో రెండో రోజే వైడాల్ చేసి టైఫాయిడ్ అన్నారు, వారం రోజులు సూదులు రాశారు. ఆ పరీక్ష పట్టేది క్రిమిని కాదు, దాని మీద ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలను. అవి తేలడానికి దాదాపు వారం పడుతుంది. ఈ సంగతి రాసేవాళ్లకు తెలియదంటే నేను నమ్మను.

సాయంత్రం మా ఊరి ఆశా వచ్చింది. వాడు నిద్రలో ఉన్నాడు. చొక్కా పైకెత్తి, ఫోన్‌లో నిమిషం పెట్టుకొని, పొట్ట లేచి పడడం లెక్కపెట్టింది. 58. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది. "డొక్కలెగరేస్తున్నడు పెద్దమ్మా, ఇది నిమ్ము లెక్కుంది, లెవ్వుండ్రి" అంది. నిమ్మంటే న్యుమోనియా. ఆ రాత్రే సర్కారు దవాఖానలో ఆక్సిజన్ పెట్టారు. ఐదో రోజు ఇంటికొచ్చాడు.

మా చిన్నతనంలో డొక్కలెగరేస్తే పొట్ట మీద చురకలు పెట్టేవాళ్లు. మా తమ్ముడికి ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. రోగాన్ని అప్పుడూ గుర్తుపట్టారు, మందే తెలియదు. ఇప్పుడు మందుంది, చూసేవాళ్లు లేరు.

దగ్గు, ఆయాసం ఉన్న బిడ్డకు నిమిషానికి ఊపిరి 2 నెలల లోపైతే 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40, లేదా అంతకు మించి ఉంటే నిమ్మని అనుమానించాలి. ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు లెక్కపెడితే తప్పొస్తుంది. పాలు తాగలేకపోయినా, తాగిందల్లా కక్కినా, ఫిట్స్ వచ్చినా, మత్తుగా పడి ఉన్నా లెక్కతో పనిలేదు, బండెక్కడమే. 2 నెలల లోపు పసిగుడ్డుకు జ్వరం ఒక్కటి వచ్చినా అంతే.

జిల్లా వైద్యారోగ్య శాఖ వారు ల్యాబుల తనిఖీకి పోయినప్పుడు, రెండో రోజు జ్వరానికి వైడాల్ ఎందుకు చేశారో రిజిస్టర్ తీయించి అడగాలి. ఊపిరి లెక్కకు పైన చెప్పిన మూడు అంకెలు ప్రతి అంగన్‌వాడీ గోడ మీద రాయించాలి. మా ఊరి గోడ మీద ఏనుగు, మామిడిపండు బొమ్మలున్నాయి. వాటి పక్కన ఇంకా బోలెడు జాగా ఉంది.

- ఒక నాయనమ్మ, దేవరకొండ మండలం, నల్లగొండ జిల్లా