దావత్ గంట మార్చండి

సంపాదకులకు,

మన దగ్గర పదోన్నతి వచ్చినా, బదిలీ అయినా, ఎవరైనా రిటైరైనా ఆఫీసులో దావత్ తప్పదు. అది ఎక్కువసార్లు ఆరున్నర దాటినంక, ఊరి బయట దాబాలో మందుతో సాగుతుంది. తాగడం మంచిదా చెడ్డదా అన్నది ఈ ఉత్తరం సంగతి కాదు. ఇంట్లో పసిపిల్లలో, మంచం పట్టిన పెద్దలో ఉన్న ఉద్యోగి ఆ వేళకు రాలేరు. డిప్యుటేషన్ ఎవరికి, శిక్షణకు ఎవరు, ఏ సెక్షన్ ఎవరికి అన్న మాటలు అక్కడే నడిచి, పొద్దున ఆర్డరుగా బయటికొస్తాయి. నా అభ్యంతరం దీనికి.

ఇంట్లో పని ఎక్కువుండేది సరిగ్గా ఆ దావత్ వేళలోనే. పగలు చూసుకునే ఆయా చీకటి పడకముందే వెళ్లిపోతుంది. భోజనానికి అరగంట ముందు ఇన్సులిన్ వేయాల్సిన వాళ్లకు సూదీ, అన్నమూ రెండూ వేళకు పడాలి. మంచంలోనే ఉన్నవాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే వీపున పుండ్లు పడతాయి. మతిమరుపు జబ్బున్న వాళ్లలో చాలామందికి పొద్దుగూకే వేళే కలవరం పెరుగుతుంది. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్‌తో నడుము వంగిపోయిన పెద్దలకు మంచం దిగాలన్నా మనిషి సాయం కావాలి. ఇలాంటి ఇంటి మనిషి దావత్‌కు వచ్చినా గ్లాసు ముట్టలేరు. అర్ధరాత్రి అవసరం పడితే ఆస్పత్రికి బండి నడపాల్సింది తామే కదా! 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే కేసు.

ఈ భారం ఎక్కువగా ఆడవాళ్ల మీదే ఉంది. 2019లో కేంద్రం చేసిన సమయ వినియోగ సర్వేలో జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు పనిచేస్తున్నట్టు తేలింది. పిల్లల, పెద్దల సంరక్షణ దీనికి అదనం. అయితే తల్లినో, భార్యనో చూసుకునే మగ ఉద్యోగులు తక్కువేం లేరు, వాళ్లు ఆ మాట బయటికి చెప్పరు. ఏదో పనుందని తప్పించుకుంటారు. రెండుసార్లు అలా అయితే మూడోసారి పిలుపే ఉండదు. దూరం సంగతీ ఉంది. ఉద్యోగులను కొత్త జిల్లాలకు కేటాయించిన 317 జీవో తర్వాత సొంత జిల్లా వదిలి రోజూ అప్ అండ్ డౌన్ చేస్తున్నవాళ్లు ఎందరో. మహాలక్ష్మి ఉచిత బస్సు పథకంతో ఆడవాళ్లకు టికెట్ తప్పింది కానీ, చీకటి పడినంక పల్లెలకు బస్సులు పలచబడతాయి.

మధ్యాహ్నం పెట్టుకుంటే చాలామటుకు తీరుతుంది. ఒంటిగంటన్నర నుంచి రెండు దాకా ఉన్న అరగంట ఇరవై మందికి సరిపోదు. భోజనం ఒంటిగంటకల్లా ఆఫీసుకు చేరాలి, మరో అరగంటకు అధికారి అనుమతి ఇవ్వాలి. సగం మంది తింటుంటే సగం మంది సీట్లలో ఉండాలి, లేకపోతే పని మీద వచ్చిన జనం తిట్టుకుంటూ తిరిగిపోతారు. ఆదివారం పెడితే ఇంకా ఇబ్బంది, ఆయా సెలవు పెట్టేదే ఆ రోజు.

జడ్చర్ల దగ్గర ఫ్యాక్టరీలున్న పోలేపల్లి సెజ్ లాంటి చోట్ల లెక్క వేరు. అక్కడ మూడు షిఫ్టులు, ఏ గంట పెట్టినా ఒక షిఫ్టు లోపలే ఉంటుంది. ఏ షిఫ్టుకు ఆ షిఫ్టు క్యాంటీన్‌లోనే పెట్టి, కంపెనీ బస్సును ముప్పావుగంట ఆపాలి. బస్సు పోయిందంటే ఊరికి చేరే దారి లేని వాళ్లుంటారు.

సాయంత్రమే కావాలంటే వారం ముందు చెప్పండి. చెల్లెల్నో, అత్తనో ఊరి నుంచి పిలిపించుకోవడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. నాలుగింటికి చెప్పి ఆరింటికి రమ్మంటే పిలవనట్టే. రెండుసార్లు రాలేదని పిలుపు మానొద్దు. తిండి లెక్క, మందు లెక్క వేరుగా రాయండి. పదిహేను మందికి తిండి 4,500, మందు 6,000 అయితే కలిపి పంచితే తలా 700 పడుతుంది. తాగని మనిషి తినేది 300 రూపాయలదే. మిగతా 6,000 తాగిన వాళ్లు పంచుకోవాలి.

గంట మార్చినా ఒకచోట దెబ్బతింటుంది. మధ్యాహ్నం అందరితో తిని, సాయంత్రం నలుగురు మళ్లీ అధికారితో కూర్చుంటారు, మాటలన్నీ అక్కడికి మారతాయి. అందుకే డ్యూటీలు, శిక్షణలు, డిప్యుటేషన్లు ఆఫీసు వేళల్లో అందరి ముందు చెప్పి, అభ్యంతరాలకు ఒక రోజు ఇచ్చాకే ఆర్డరు వేయాలి. ఇది అధికారి పట్టుబడితేనే అవుతుంది, కింది ఉద్యోగి నోరు తెరిచి అడగలేరు.

ప్రభుత్వ ఉద్యోగి రిటైరయ్యేది నెలాఖరు రోజే. ఆ తేదీ ఆఫీసులో ఏళ్ల ముందే తెలుసు. నల్లగొండ, పాలమూరు జిల్లాల అధికారులు ఈ నెల వీడ్కోలు దావత్‌ను మధ్యాహ్నానికి మార్చి, ఇప్పుడే సర్క్యులర్ ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉద్యోగిని,
మిర్యాలగూడ