సుధాకర్‌కి: అమ్మ ట్యాబ్‌ని ఇప్పుడే రీసెట్ కొట్టెయ్యకు

ఒరేయ్ సుధాకర్,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. అమ్మ గెలాక్సీ ట్యాబ్ ఏ7 లైట్‌కి పెట్టిన పిన్ ఎవరికీ గుర్తులేదు. అందులో ఉన్న జీమెయిల్ కొన్నప్పుడు షాపులో కుర్రాడు తయారుచేసి ఇచ్చింది, పాస్‌వర్డు రాసిన చీటీ లేదు. అప్పుడు ఇచ్చిన ఫోన్ నంబరు కూడా ఆగిపోయింది. "బటన్లు నొక్కి రీసెట్ కొట్టేస్తే పోలా" అన్నావు చూడు, ఆ పని మాత్రం ఇప్పుడే చెయ్యకు. రీసెట్ ఎప్పుడైనా పది నిమిషాల పని. దానికంటే ముందు చెయ్యాల్సింది ఆ ఖాతాని వెతికి పట్టుకోవడం.

ఎందుకంటే ట్యాబ్‌కి ఉన్నవి రెండు తాళాలు. ఒకటి స్క్రీన్ మీద పిన్. రెండోది గూగుల్ ఖాతా తాళం, అది మామూలుగా కనపడదు. పిన్ తాళం రీసెట్‌తో పోతుంది. రెండోది ఆ రీసెట్‌తోనే బయటికొస్తుంది. 2015లో ఆండ్రాయిడ్ 5.1తో వచ్చిన ఈ ఏర్పాటుని ఫ్యాక్టరీ రీసెట్ ప్రొటెక్షన్ అంటారు, రిపేరు షాపుల్లో ఎఫ్ఆర్‌పీ అంటే చాలు. ట్యాబ్ మెమరీలో చిన్న భాగం ఒకటి విడిగా ఉంటుంది, డేటా మొత్తం తుడిచినా అది చెరగదు. ఈ ట్యాబ్ ఏ ఖాతాదో అందులో గుర్తుంటుంది. దొంగ ఎత్తుకెళ్లి రీసెట్ చేసినా వాడుకోలేకుండా పెట్టారు. మన ఇబ్బందల్లా, బటన్లతో రీసెట్ చేసింది దొంగో అమ్మ కొడుకో ట్యాబ్‌కి తెలియదు. సెట్టింగ్స్ లోపలికెళ్లి పిన్ కొట్టి రీసెట్ చేస్తే ఈ తాళం పడదు, కానీ లోపలికెళ్లే దారే మనకి లేదు కదా.

పిన్ కోసం ఊరికే నొక్కుతూ కూర్చోవద్దు. ఐదుసార్లు తప్పితే 30 సెకన్లు ఆగమంటుంది, తర్వాత ఆ ఆగడం పెరుగుతూ పోతుంది. ఆటో ఫ్యాక్టరీ రీసెట్ అనే సెట్టింగు ఎవరైనా ఆన్ చేసి ఉంటే, వరసగా తప్పులు పడ్డాక మొత్తం తుడిచేసుకుంటుంది కూడా. అమ్మని కూర్చోబెట్టి నిదానంగా అడుగు: పుట్టిన సంవత్సరం, ఇంటి నంబరు, ఏటీఎం పిన్ లాంటి నాలుగైదు ఊహలు కాగితం మీద రాసుకుని ఒక్కొక్కటే ప్రయత్నించు. పిన్ గుర్తొస్తే అసలు ఈ తతంగమే అక్కర్లేదు.

ఇక ఖాతా. ముందు మెయిల్ ఐడీ ఏంటో తెలియాలి. అమ్మ ఫోన్‌లో వాట్సాప్ తెరిచి సెట్టింగ్స్, చాట్స్, చాట్ బ్యాకప్ దాకా వెళ్లు. బ్యాకప్ పెట్టుకుని ఉంటే ఏ గూగుల్ ఖాతాకి వెళ్తోందో అక్కడే కనపడుతుంది. చాలా ఇళ్లలో ట్యాబ్‌కీ ఫోన్‌కీ ఒకటే జీమెయిల్ ఉంటుంది, మనకే తెలియదు. అక్కడ లేకపోతే ఇంట్లో స్మార్ట్ టీవీ చూడు, దాని సెట్టింగ్స్‌లో ఖాతాల దగ్గర మెయిల్ ఐడీ ఉంటుంది. పాత ఫోన్ ఏదైనా బీరువాలో పడుంటే ఛార్జింగ్ పెట్టి చూడు. ఏదీ దొరక్కపోతే గూగుల్ సైన్ ఇన్ పేజీలో "ఫర్గాట్ ఈమెయిల్" నొక్కి, అమ్మ పేరూ పాత ఫోన్ నంబరూ ఇవ్వాలి, కానీ దానికి ఆ నంబరుకి కోడ్ రావాలి. ఆ షాపుకి కూడా ఒక్కసారి వెళ్లిరా. హడావిడిలో ఖాతా తెరిచేటప్పుడు రికవరీ నంబరుగా షాపు నంబరో కుర్రాడి నంబరో ఇచ్చేయడం జరిగే పనే. అలా అయితే కోడ్ వాళ్లకే వస్తుంది, వాళ్ల ఎదురుగా కూర్చుని ఐదు నిమిషాల్లో తేల్చుకోవచ్చు.

ఆ జీమెయిల్ అమ్మ ఫోన్‌లో ఇంకా తెరిచి ఉంటే మనం గెలిచినట్టే. ఫోన్ సెట్టింగ్స్‌లో గూగుల్, అక్కడ ఖాతా నిర్వహణ, సెక్యూరిటీ, పాస్‌వర్డ్. పాతది అడిగినప్పుడు "ఫర్గాట్ పాస్‌వర్డ్" నొక్కితే చాలాసార్లు ఫోన్ స్క్రీన్ లాక్‌తోనే నువ్వే అని ఒప్పుకుంటుంది. కొత్త పాస్‌వర్డు పెట్టుకుని కాగితం మీద రాసిపెట్టు.

ఫోన్‌లో లేకపోతే గూగుల్ అకౌంట్ రికవరీ పేజీయే దిక్కు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, వేరే ఊళ్లో వేరే కంప్యూటర్ మీద కూర్చుని ప్రయత్నించడం. గూగుల్ ప్రశ్నలతో పాటు ఎక్కడి నుంచి, ఏ పరికరం నుంచి అడుగుతున్నామో కూడా చూస్తుంది. అందుకే నువ్వు హైదరాబాదులో కూర్చుని చెయ్యకు. అమ్మ ఇంట్లో, ఆ ఇంటి వైఫై మీద, అమ్మ ఫోన్‌లోనే చెయ్యి. పాత పాస్‌వర్డుల్లో గుర్తున్నది ఏదైనా సరే రాయి, ఖాళీగా వదిలేయడం కన్నా దగ్గరగా ఉన్న ఊహ నయం. ఒకే రోజు పదిసార్లు ప్రయత్నిస్తే కాసేపటికి దారే మూసేస్తుంది. కుదరకపోతే ఒకటి రెండు రోజులు ఆగి, గుర్తొచ్చిన కొత్త వివరంతో మళ్లీ మొదలుపెట్టు.

ఆగిపోయిన నంబరు గురించి. ప్రీపెయిడ్ సిమ్ 90 రోజులు అసలు వాడకపోతే కంపెనీ ఆపేస్తుంది, ఆ తర్వాత కొన్నాళ్లకి ఆ నంబరు ఇంకొకరికి వెళ్లిపోవచ్చు. వేరే ఫోన్ నుంచి డయల్ చేసి చూడు. ఎవరో ఎత్తితే ఆ దారి వదిలెయ్, తెలియనివాళ్లని ఓటీపీ చెప్పమని అడిగితే మోసగాడనే అనుకుంటారు, అనుకోవడం న్యాయమే. ఇంకా ఎవరికీ వెళ్లకపోతే, సిమ్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లు ఆధార్‌తో స్టోర్‌కి వెళ్లి మళ్లీ తీసుకోవడానికి వీలుందేమో అడగాలి. ఒక సంగతి గుర్తుపెట్టుకో: డూప్లికేట్ సిమ్ పడిన మొదటి 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు రావు. సిమ్ మార్చి మోసాలు చేసేవాళ్ల కోసం పెట్టిన నిబంధన అది. కాల్ వెళ్తోంది కదా అని అప్పుడే ఓటీపీ కోసం నొక్కి, రాలేదని కంగారుపడొద్దు. మర్నాడు చూసుకో.

పాస్‌వర్డు మార్చిన వెంటనే కూడా రీసెట్ వద్దు. మార్చాక 24 గంటలు ఆగమని గూగులే చెబుతుంది. ఆ ఆగడం పట్టించుకోకుండా రీసెట్ చేసి, కొత్త పాస్‌వర్డు సరిగ్గానే కొట్టినా ట్యాబ్ ఒప్పుకోక తలపట్టుకున్నవాళ్లు చాలామంది.

ఆ ఒక్క రోజులో ఫొటోల సంగతి చూడు. అమ్మ మనవరాలి ఫొటోలు అందులోనే ఉన్నాయన్నావు. ఖాతా చేతికొచ్చాక ఏదైనా ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో గూగుల్ ఫొటోస్ తెరువు, బ్యాకప్ ఆన్ అయి ఉంటే అక్కడుంటాయి. లేకపోతే, పిన్ లేకుండా ట్యాబ్ లోపలి ఫొటోలు బయటికి తీసే దారి లేదురా, నిజం చెప్పాలి కదా. అవి ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళంచెవి లేనిదే చదవలేని రాతగా మారి ఉంటాయి, రీసెట్‌తో ఆ తాళంచెవే చెరిగిపోతుంది. తీసిస్తామని డబ్బు అడిగేవాళ్లని నమ్మకు. మెమరీ కార్డు ఉంటే రీసెట్‌కి ముందే తీసి పక్కన పెట్టు, కంప్యూటర్‌లో పెట్టి చదువుతోందో లేదో చూడు. కార్డునీ ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే మాత్రం ఆ ట్యాబ్ రీసెట్ అయ్యాక అది కూడా చదవదు.

ఇంకొకటి. అందులో శాంసంగ్ ఖాతా కూడా ఉండి, దూరం నుంచి తాళం తీసే రిమోట్ అన్‌లాక్ ముందే ఆన్ చేసి ఉంటే, శాంసంగ్ ఫైండ్ పేజీలోకి ఆ ఖాతాతో వెళ్లి అన్‌లాక్ నొక్కొచ్చు. ట్యాబ్ ఆన్‌లో ఉండి నెట్‌కి కలిసి ఉండాలి. ఇది కుదిరితే ఫొటోలతో సహా అన్నీ దక్కుతాయి కాబట్టి రీసెట్ కంటే ముందు ఇది చూసి తీరాలి. గూగుల్ వాళ్ల ఫైండ్ హబ్ అలా కాదు, దూరం నుంచి తుడుస్తుంది తప్ప తాళం తియ్యదు, తుడిచాక మళ్లీ ఆ ఖాతానే అడుగుతుంది.

ఇప్పుడు రీసెట్. ఛార్జింగ్ సగానికి పైన ఉండాలి. శాంసంగ్‌లో ఆండ్రాయిడ్ 11 నుంచి ఒక మెలిక ఉంది: ట్యాబ్‌ని కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపితే తప్ప, రీసెట్ చేసే రికవరీ మెనూ రాదు. ఛార్జర్ సరిపోదు. బటన్లు ఎంతసేపు నొక్కినా రావట్లేదంటే కారణం ఎక్కువగా ఇదే. కేబుల్ పెట్టి, వాల్యూమ్ డౌన్, పవర్ బటన్లు రెండూ కలిపి ఏడెనిమిది సెకన్లు నొక్కి ఉంచు. స్క్రీన్ నల్లబడిన క్షణంలో వేలు వాల్యూమ్ అప్‌కి మార్చి, పవర్ వదలకుండా పట్టుకో. శాంసంగ్ పేరు వచ్చాక వదిలెయ్. ఒకసారికి అందకపోతే మళ్లీ చెయ్యి, వేలు మార్చడంలో అర సెకను ఆలస్యమైనా మామూలుగా ఆన్ అయిపోతుంది.

రికవరీ మెనూలో టచ్ పనిచెయ్యదు. వాల్యూమ్ బటన్లతో కిందికి జరిగి "వైప్ డేటా ఫ్యాక్టరీ రీసెట్" మీద పవర్ నొక్కాలి, తర్వాత "ఫ్యాక్టరీ డేటా రీసెట్". పక్కనే ఉండే "వైప్ క్యాష్ పార్టిషన్" వల్ల పిన్ పోదు. అయిపోయాక "రీబూట్ సిస్టమ్ నౌ". మొదటిసారి ఆన్ అవ్వడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, మధ్యలో ఆపెయ్యకు.

భాష, వైఫై అయ్యాక పాత పిన్ గానీ, ఇంతకుముందు ఈ ట్యాబ్‌లో ఉన్న గూగుల్ ఖాతా గానీ అడుగుతుంది. నీ ఖాతా ఇస్తే ఒప్పుకోదు, ఇందులో ముందునుంచీ ఉన్నదే కావాలి. ఖాతా దారి ఎంచుకుని మెయిల్ ఐడీ పూర్తిగా కొట్టు, చివర జీమెయిల్ డాట్ కామ్‌తో సహా. అమ్మ ఫోన్ పక్కనే పెట్టుకో, దానికి "మీరేనా" అని ప్రశ్న రావచ్చు.

ఖాతా ఎంతకీ దొరక్కపోతే? రెండేళ్లు అసలు వాడని గూగుల్ ఖాతాల్ని 2023 డిసెంబరు నుంచి తీసేస్తున్నారు, అలా పోయినా ట్యాబ్ ఆ ఖాతానే అడుగుతుంది. అప్పుడు మిగిలింది శాంసంగ్ సర్వీస్ సెంటర్. అసలు బిల్లు కావాలి, దాని మీద ఉన్న సీరియల్ లేదా ఐఎంఈఐ నంబరు ట్యాబ్ వెనకున్న దానితో కలవాలి. ఆన్‌లైన్‌లో కొని ఉంటే పాత ఆర్డర్లలోంచి ఇన్‌వాయిస్ దింపుకోవచ్చు. షాపులో కొన్నదయితే తేదీ చెప్పి బిల్లు కాపీ ఇవ్వమను. పెట్టె, అమ్మ ఆధార్ కూడా పట్టుకెళ్లు. బయల్దేరేముందు ఫోన్ చేసి ఇలాంటి పని చేస్తారా, ఎంతవుతుంది అని కనుక్కో. బోర్డు మార్చాలంటే మాత్రం వద్దను, ఈ ట్యాబ్ ధరకి అది గిట్టదు.

వీడియోల్లో చూపించే అడ్డదారుల జోలికి వెళ్లొద్దు. అవి పాత సెక్యూరిటీ అప్‌డేట్‌ల మీద పనిచేసినవి. ఆండ్రాయిడ్ 15 నుంచయితే సెటప్ దాటేసి లోపలికెళ్లినా కొత్త ఖాతా పెట్టనివ్వదు, యాప్‌లు వేసుకోనివ్వదు. అంతకంటే భయం, వాళ్లు వేయించే తెలియని ఫైళ్లు, స్క్రీన్ పంచుకునే యాప్‌లు. కస్టమర్ కేర్ నంబరు వెతికితే ముందు దొంగ నంబర్లే తగలొచ్చు, శాంసంగ్ సైటులో ఉన్నదే తీసుకో. పొరపాటున డబ్బు పోతే ఆ గంటలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి.

అమెరికాలో చెల్లి దగ్గరున్న ఐప్యాడ్ గురించి కూడా అడిగావు. సూత్రం అదే, పేరు యాక్టివేషన్ లాక్, 2013 నుంచి ఉంది. పాస్‌కోడ్ మార్చి 72 గంటలు దాటకపోతే, ఐప్యాడ్ ఓఎస్ 17 గానీ ఆ పైది గానీ ఉంటే, పాత పాస్‌కోడ్‌తోనే తెరవచ్చు. లేదంటే కంప్యూటర్‌కి కలిపి రికవరీలో "అప్‌డేట్" కాకుండా "రిస్టోర్" నొక్కాలి. డౌన్‌లోడ్ 15 నిమిషాలు దాటితే రికవరీ స్క్రీన్ పోతుంది, డౌన్‌లోడ్ పూర్తయ్యాక మళ్లీ బటన్లు నొక్కాలి. ఆపిల్ ఖాతా కూడా పోతే, కొన్న రసీదుతో యాక్టివేషన్ లాక్ తీయమని ఆపిల్ సైటులోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆఫీసో స్కూలో ఇచ్చినదయితే ఆ దరఖాస్తు చెల్లదు, ఇచ్చినవాళ్లే తియ్యాలి. మన దగ్గర 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకిచ్చిన ట్యాబ్‌ల లాంటివి ఎవరైనా చవగ్గా అమ్ముతామంటే అందుకే దూరంగా ఉండు.

అమ్మ ట్యాబ్ తెరుచుకున్న రోజే సెట్టింగ్స్‌లోకి వెళ్లి రికవరీ నంబరుగా అమ్మ ఇప్పుడు వాడే నంబరు, రికవరీ మెయిల్‌గా నీది పెట్టు. పిన్, మెయిల్ ఐడీ, పాస్‌వర్డు మూడూ ఒక కాగితం మీద రాసి, ట్యాబ్ బిల్లుతో కలిపి బీరువాలో ఇంటి కాగితాల దగ్గర పెట్టు. ట్యాబ్ కవర్లో మాత్రం దాచకు.

శనివారం ఊరెళ్తున్నావు కదా. ముందు వాట్సాప్ బ్యాకప్‌లో ఏ మెయిల్ కనపడిందో నాకు రాయి, మిగతాది దాన్నిబట్టి చూద్దాం. అమ్మని అడిగానని చెప్పు.

నీ
రవి