ఊహాలోకమైతే మాత్రం ఏం రాసినా చెల్లుతుందా?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో వీడియో గేముల మీద వేసిన వ్యాసం చదివాను. పిల్లల కళ్ళు, నిద్ర, చదువు గురించి రాసినదాంతో నాకు పేచీ లేదు. కానీ "ఇవన్నీ ఊహాలోకాలు, ఎవరేం కల్పించుకున్నా అడిగేవాళ్ళుండరు" అన్నారు చూడండి, అది మాత్రం తప్పు. విజయనగరంలో రోల్‌ప్లే ఆడే మా కుర్రాళ్ళు కూడా కొందరు "గేమే కదా, ఏటైతే ఏటి" అంటుంటారు, వాళ్ళకీ కలిపే ఈ ఉత్తరం.

రోల్‌ప్లే అంటే ఒక పాత్రను తయారుచేసుకుని, దానికి ఊరూ పేరూ గతమూ రాసుకుని, ఆ పాత్రలాగే మాట్లాడుతూ ఆడటం. ఇందులో అందరూ తడబడేది డ్వార్ఫ్ మాంత్రికుడి దగ్గర. డ్వార్ఫులంటే కొండల్లో గనులు తవ్వుకునే పొట్టి గడ్డపు జాతి, చాలా గేముల్లో మంత్రాలతో వాళ్ళకు మొదట్నుంచీ పడదు. 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే, బల్ల చుట్టూ కూర్చుని ఆడే రోల్‌ప్లే గేమ్ వచ్చినప్పుడు డ్వార్ఫ్ అయితే యోధుడే. 1989 నాటి రెండో ఎడిషన్లో అయితే వాళ్ళ చేతిలో ఆయుధం, కవచం లాంటివి తప్ప మిగతా మంత్రపు వస్తువు నూటికి ఇరవై సార్లు అసలు పనిచెయ్యదని రూలే ఉంది (నాకు భలే ఇష్టమైన రూలు). 2000లో మూడో ఎడిషన్ వచ్చాకే డ్వార్ఫ్ మాంత్రికుడికి తలుపు తెరుచుకుంది.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేమ్ సంగతి ఇంకా బాగుంటుంది. 2004లో గేమ్ మొదలైనప్పుడు డ్వార్ఫ్ మేజ్, అంటే మాంత్రికుడు, లేడు, 2010 డిసెంబరులో కాటక్లిజమ్ అనే అదనపు భాగం వచ్చాకే వచ్చాడు. ఊరికే రాలేదు. ఎప్పుడో డ్వార్ఫుల అంతర్యుద్ధంలో ఓడిపోయి వెళ్ళిపోయిన డార్క్ ఐరన్ వంశం వాళ్ళు మంత్రగాళ్ళు, వాళ్ళ నాయకుడు థౌరిసన్ యుద్ధం గెలవాలని అగ్నిరాజు రాగ్నరోస్‌ని పిలిచి చివరికి తన జాతినంతా వాడికి బానిసల్ని చేశాడు. ఆ వంశపు కోడలు మోయిరా తిరిగి పుట్టింటికి, అంటే డ్వార్ఫుల రాజధాని ఐరన్‌ఫోర్జ్‌కి వచ్చి, డ్వార్ఫుల మూడు వంశాలూ కలిసి పాలించే సభలో కూర్చుంది. ఇప్పుడు ఆ నగరంలో పుట్టి పెరిగిన మామూలు కమ్మరి కొడుకు ఒక డార్క్ ఐరన్ ముసలమ్మ దగ్గర మంత్రం నేర్చుకుంటున్నాడనుకోండి, తాతను చంపినవాళ్ళ దగ్గర చదువేంట్రా అని ఇంట్లో గొడవ కాదూ? కథంతా అక్కడే ఉంది. అది వద్దనుకుంటే సొంత ఊరు పోగొట్టుకుని అదే నగరంలో తలదాచుకున్న నోమ్‌లనే ఇంకో పొట్టి జాతివాళ్ళున్నారు, వాళ్ళలో మేజ్‌లు మొదట్నుంచీ ఉన్నారు, పక్కింటి నోమ్ గురువు కావచ్చు. ఇంత సరుకు పెట్టుకుని మనవాళ్ళు రాసేదేమిటయ్యా అంటే, ప్రతివాడూ మోయిరా తండ్రి మాగ్నీ రాజుగారి రహస్య కొడుకే, ప్రతివాడి అమ్మానాన్నల్నీ డ్రాగనే మింగేసింది.

డ్రాగన్ ఏజ్ అనే ఇంకో గేమ్ వరసలో ఆ వెసులుబాటు కూడా లేదు. అక్కడ మంత్రశక్తి ఫేడ్ అనే స్వప్నలోకం నుంచి వస్తుంది, డ్వార్ఫులకు కలలే రావు, కాబట్టి మాంత్రికుడు పుట్టడు. తర్వాతి భాగాల్లో వాల్టా, హార్డింగ్ అనే డ్వార్ఫ్ ఆడవాళ్ళకి శక్తులొచ్చాయి కదా అంటారేమో. వచ్చాయి, కానీ అందుకోసం గేమ్ రాసినవాళ్ళు భూమి అడుగున ఉన్న టైటన్లనే మహాకాయుల చరిత్రంతా తవ్వి పొయ్యాల్సి వచ్చింది. మనవాడు "మావాడు స్పెషల్" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎలా?

బొబ్బిలి యుద్ధం బుర్రకథ చెప్పేవాళ్ళు తాండ్ర పాపారాయుడి వెంట నడిచిన ఒక పేరులేని బంటును కల్పించి గంటసేపు ఏడిపించగలరు. 1757లో కోట పడలేదని, బుస్సీ సేన వెనక్కి పారిపోయిందని చెప్తే మాత్రం మా జిల్లాలో ఆ కథ ఎవడూ కూర్చుని వినడు. గేముల్లో లోర్ అనేదీ, అంటే ఆ లోకానికి రాసిపెట్టిన చరిత్రా, అంతే.

చివరగా ఒక విన్నపం. ఈసారి గేముల మీద పేజీ వేసినప్పుడు హెచ్చరికలతో పాటు, ఆడే పిల్లల చేత ఇలాంటి పాత్ర గతం ఒకటి, ఒక పేజీకి మించకుండా తెలుగులో రాయించి వెయ్యండి. షరతులు రెండే: గేమ్ చరిత్ర తప్పకూడదు, హీరో రాజుగారి కొడుకు కాకూడదు.

- ఒక పాఠకుడు, విజయనగరం