పల్లి సంఘం పెట్టే ముందు

కనగల్,
నల్లగొండ జిల్లా

ప్రియమైన యాదగిరికి,

నీ ఉత్తరం మొన్న అందింది. బాపు కంటి ఆపరేషన్ బాగా జరిగిందని చదివి వినిపిస్తే మా అమ్మ ఎంతో సంతోషించింది. కొన్నాళ్ళ దాకా ఆయనను పొలం దిక్కు పోనియ్యవద్దని మరీ మరీ రాయమంది.

ఇక నువ్వు అడిగిన సంగతి. అచ్చంపేట దిక్కు మీ నాలుగు ఊళ్ళ పల్లి (వేరుశెనగ) రైతులు కలిసి సంఘం పెట్టుకొని, పంటను ఒక్కచోట చేర్చి, మంచి ధర అడిగి అమ్ముకోవాలని అనుకుంటున్నట్టు రాశావు. తప్పకుండా పెట్టండి. అయితే ధర దగ్గర మొదలు పెట్టకండి, అప్పు దగ్గర మొదలు పెట్టండి. ఈ మాట నాకు ఎట్లా తెలిసివచ్చిందో చెబుతాను.

మూడేళ్ళ కింద మే నెలలో తోటకు ఎరువులకు, కూలీలకు చేతిలో పైసా లేక, బత్తాయి కొనే దళారి దగ్గర నలభై వేలు అడ్వాన్సు తీసుకున్నాను. కాగితం లేదు, వడ్డీ లేదు, కాయ తనకే వెయ్యాలన్న మాట ఒక్కటే. సెప్టెంబరులో ఎనిమిదిన్నర టన్నుల కాయ దిగింది, ధర టన్నుకు పద్దెనిమిది వేలు. కాంటా దగ్గర టన్నుకు నూరు కిలోల చొప్పున తరుగు తీశాడు. అంటే ఎనిమిది వందల యాభై కిలోలు, 15,300 రూపాయలు. అడ్వాన్సు తీసుకోని పక్క తోట రైతు గట్టిగా నిలబడి ఆ తరుగును యాభై కిలోలకు దించుకున్నాడు. నాకు మాత్రం నోరు పెగలలేదు. ఆ రాత్రి లెక్క వేసుకుంటే, అతని కన్నా నాకు టన్నుకు యాభై కిలోలు, అంటే 7,650 రూపాయలు ఎక్కువ పోయింది. నలభై వేలకు నాలుగు నెలలకు అంత అంటే నూటికి నెలకు దగ్గర దగ్గర అయిదు రూపాయల వడ్డీ పడినట్టు. మన ఊళ్ళలో నూటికి మూడు రూపాయల వడ్డీ అంటేనే గుండె గుభేలుమంటుంది కదా! లేదనుకున్న వడ్డీ కాంటా మీదికి వచ్చి కూర్చుంది.

అయినా ఆ దళారిని నేను తిట్టను. బ్యాంకు వాళ్ళు భూమి పాసు పుస్తకం చూపమన్నప్పుడు, పాత బాకీ కట్టి రమ్మన్నప్పుడు, పొలం గట్టు మీదికి వచ్చి డబ్బు చేతిలో పెట్టింది అతనే. అతడు అమ్మేది నమ్మకం, కొనేది మన నోరు. సంఘం అన్నది ఆ గట్టు మీదికి అదే రోజున డబ్బు తేలేకపోతే, పంట చేతికొచ్చిన నాడు ఎంత మంచి ధర చూపినా రైతు రాడు. రాలేడు.

మన రాష్ట్రంలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. ముల్కనూరు సహకార సంఘాన్ని 1956లో ఎ.కె. విశ్వనాథరెడ్డి గారు చుట్టుపక్కల ఊళ్ళ రైతులతో కలిసి నిలబెట్టారు. పెట్టుబడికి అప్పిచ్చేది ఆ సంఘమే, విత్తనాలు, ఎరువులు అమ్మేది అదే, చివరికి వడ్లు, పత్తి కొనేదీ అదే. అప్పు పంట డబ్బులోనే తీరిపోతుంది కనుక వసూలు కోసం ఇంటింటికీ తిరిగే పని తగ్గుతుంది, రైతుకు కూడా పంటను ఇంకొకరికి వేసే అవసరం రాదు. అప్పు ఒక చోట, అమ్మకం ఇంకొక చోట అయితే ఆ ముడి పడదు. మన దిక్కు చాలా సంఘాలు ఎరువుల బస్తాలు పంచి, వానకాలం, యాసంగి వడ్ల కొనుగోలు కేంద్రం నడిపి ఊరుకోవడం చూసినప్పుడు నాకు నిజంగా బాధ కలుగుతుంది. వడ్లకైతే కొనేవాడిగా ప్రభుత్వం ఉంది, తేమ పదిహేడు శాతం లోపు ఉంటే కాంటా అవుతుంది. నా బత్తాయికి మద్దతు ధరే లేదు. మీ పల్లికి 2025-26కు క్వింటాలుకు 7,263 రూపాయలని ప్రకటించారు కానీ, ప్రకటించడం వేరు, పంట కల్లంలో ఉన్నప్పుడు మీ దగ్గర కేంద్రం తెరిచి కొనడం వేరు.

మేము నిరుడు అరవై రెండు మందిమి కలిశాము. తలా కొంత వేసుకొని మొట్టమొదట కొన్నది ఎలక్ట్రానిక్ కాంటా. దాని పక్కన ఇరవై కిలోల గుండు ఒకటి పెట్టి, ఎవరికి అనుమానం వచ్చినా ముందు ఆ గుండును తూచి చూసుకోమన్నాము. తరుగు గొడవ ఆ రోజుతో తీరింది. అసలు కష్టం కాయను ఏరి వేరు చేసే దగ్గర వచ్చింది. మంగు తెగులు పట్టిన కాయ లోపల ఎంత తియ్యగా ఉన్నా, తొక్క తుప్పు రంగుకు తిరుగుతుంది కనుక పై మార్కెట్లో దాని ధర పడిపోతుంది. మా చిన్నాయన కాయలో మూడో వంతు మంగు తేలింది. దాన్ని రెండో రకం కింద రాయవలసిన పుస్తకం నా చేతిలో ఉంది. రాశాను. ఆయన రెండు నెలలు మా గడప తొక్కలేదు, పండుగకు కూడా రాలేదు. కానీ ఆ రోజు నేను కళ్ళు మూసుకొని ఉంటే, మంచి కాయ తెచ్చిన అరవై ఒక్క మంది మరుసటి కోతకు దళారి దగ్గరికే పోయేవారు. సంఘాలు మొదట విరిగేది ఇక్కడే అని నా నమ్మకం. అందుకే ఈసారి ఏరే పనిని పక్క ఊరి మనిషికి అప్పగించాము, చిన్నాయన కూడా దానికి ఒప్పుకున్నాడు.

మీకు పల్లిలో ఈ పని కొంత సులువు. వ్యాపారి గుప్పెడు కాయ పగలగొట్టి నోటికొచ్చిన మాట చెప్పకముందే, ప్రతి రైతు కుప్పలోంచీ వంద గ్రాముల కాయ తీసి ఒలిచి గింజను తూచండి. బాగా ఎండిన మంచి కాయకు డెబ్బై గ్రాముల దాకా గింజ వస్తుంది. ఆ అంకెను అందరి ముందే పుస్తకంలో రాసి, దాన్నిబట్టే ధర కట్టండి. చుట్టరికానికి అక్కడ చోటు ఉండదు.

ప్రభుత్వ సాయం గురించి కూడా అడిగావు. 2020లో కేంద్రం తెచ్చిన పది వేల రైతు ఉత్పత్తిదారుల సంఘాల పథకంలో, మైదాన ప్రాంతంలో కనీసం మూడు వందల మంది సభ్యులు ఉండాలన్నారు. సభ్యులు వేసుకున్న వాటా ధనానికి సమానంగా, మనిషికి 2,000, మొత్తం సంఘానికి 15 లక్షలు మించకుండా గ్రాంటు ఇస్తామన్నారు. ఇప్పుడు కొత్త సంఘాలకు అది ఉందో లేదో కనుక్కో. ఆ డబ్బు మంచిదే. కానీ గ్రాంటు కోసం మూడు వందల పేర్లు గబగబా చేర్చకండి. కాంటా దగ్గర నిలబడే ముప్పై మంది ముందు దొరకాలి.

దసరా తరువాత ఒకసారి ఇక్కడికి రా, మా పుస్తకాలన్నీ చూపిస్తాను. వచ్చేలోగా మీ నాలుగు ఊళ్ళలో ఎవరు ఎవరి దగ్గర, ఏ నెలలో, ఎంత అడ్వాన్సు తీసుకుంటున్నారో ఇంటింటికీ తిరిగి రాసుకో. ఆ కాగితం ముందు పెట్టుకొని, సంఘం మొదటి ఏడు ఎంత డబ్బు సిద్ధం చేసుకోవాలో ఇద్దరం కూర్చొని లెక్క వేద్దాం.

నీ
నర్సింహ