ఫిర్యాదు టికెట్లు మూడూ క్లోజ్ అయ్యాయి, గ్రైండర్ అలాగే ఉంది

విశాఖపట్నం

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

అయ్యా లేదా అమ్మా,

మీరు ఆడవారో మగవారో నాకు తెలియదు. ఐదు వారాలుగా "మేనేజర్ గారు మీటింగులో ఉన్నారు మేడమ్" అన్న మాట తప్ప మీరు ఉన్నారనడానికి నాకు ఇంకో ఆధారం దొరకలేదు. అందుకే కాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను.

గ్రైండర్ సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. కాఫీ గింజలు ఇంట్లోనే పట్టుకుందామని మీ వెబ్‌సైట్‌లో కొన్నాను. పద్దెనిమిది రోజులు పనిచేసింది. పంతొమ్మిదో రోజు పొద్దున్న మోటారు తిరుగుతోంది గానీ గింజ నలగడం లేదు. మిషన్లన్నాక పాడవుతాయి, దానికి నాకు కోపం లేదు.

కోపం ఆ తర్వాత వచ్చింది. మొదటిసారి ఫోన్ ఎత్తిన అమ్మాయి "ప్లగ్ పెట్టి చూశారా మేడమ్?" అని అడిగింది. మోటారు తిరుగుతోందని ఇప్పుడే చెప్పాను కదమ్మా, ప్లగ్ పెట్టకుండా ఎలా తిరుగుతుంది అన్నాను. "ఒక్క నిమిషం లైన్లో ఉండండి" అంది. ఆ నిమిషం ఇరవై రెండు నిమిషాలు నడిచింది. మీరు వినిపించే ఆ మ్యూజిక్ ఎంత మోగిందంటే, మా మనవడు దానికి డ్యాన్స్ నేర్చుకున్నాడు. ఆఖరికి లైన్ కట్టయింది. సాయంత్రం మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు అని.

రెండోసారి ఒకబ్బాయి. గింజలు నలగకపోవడం కనబడేలా వీడియో తీసి పంపమన్నాడు. పంపాను. మూడు రోజుల తర్వాత ఇంకొకాయన ఫోన్ చేసి, వీడియో సంగతి తనకు తెలియదన్నాడు. మళ్లీ మొదటి నుంచీ పేరు, అడ్రసు, కొన్న తేదీ.
"అందులో ఏం వేశారు మేడమ్?"
"కాఫీ గింజలు."
"గట్టి పదార్థాలు వేస్తే వారంటీ వర్తించదు మేడమ్."
కాఫీ గ్రైండర్‌లో కాఫీ గింజలు కాక అటుకులు వెయ్యాలా బాబూ అని అడిగాను. అసౌకర్యానికి చింతిస్తున్నామన్నాడు. రెండో టికెట్ కూడా పరిష్కారమైపోయింది.

మూడోసారి మెకానిక్ వస్తాడన్నారు, పది నుంచి ఒంటి గంట లోపు. పక్కింటి అమ్మాయి శ్రీమంతం ఆవేళే. వెళ్లకుండా వరండాలో, గేటుకి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కొబ్బరిబోండాల బండి వచ్చింది, గ్యాస్ బండి వచ్చింది, మీ మనిషి రాలేదు. ఒంటి గంటా ఐదు నిమిషాలకు మెసేజ్ వచ్చింది: "కస్టమర్ ఇంట్లో లేరు." ఆ మెసేజ్‌ని నేను ఆ కుర్చీలోనే కూర్చుని చదివాను.

సరే, నేనే వెళ్దామని గ్రైండర్ సంచిలో పెట్టుకుని, మీ వెబ్‌సైట్‌లో ఉన్న సర్వీస్ సెంటర్ అడ్రసుకి ఆటోలో వెళ్లాను. అక్కడ కర్రీ పాయింట్ ఉంది. ఆ షాపాయన నా సంచి చూడగానే "మిక్సీయా అమ్మా? ఈ వారంలో మీరు నాలుగోవారు" అని స్టూలు వేసి మంచినీళ్లిచ్చాడు. మీ కంపెనీ అడ్రసులో నాతో మర్యాదగా మాట్లాడింది ఆయనొక్కడే. సాంబారు కూడా బాగుంది.

మీకు తెలియకపోవచ్చు, 1994లో నా పెళ్లికి పుట్టింటివాళ్లు పెట్టింది మీ మిక్సీనే. జార్లు మారాయి గానీ మోటారు ఇప్పటికీ నడుస్తోంది. అప్పట్లో కార్డు ముక్క రాస్తే మీ మెకానిక్ సైకిలేసుకుని వచ్చేవాడు. మా అమ్మాయి పెళ్లికీ మీదే కొన్నాం. ఈ గ్రైండర్ కొనేటప్పుడు కూడా అదే నమ్మకం. మిక్సీలో కాఫీ గింజలు పడితే సగం పిండి, సగం రవ్వ అవుతుంది. ఆ పిండి ఫిల్టరు చిల్లులకు అడ్డం పడి డికాక్షన్ దిగదు. చేత్తో తిప్పేది చవక అన్నాడు మా అబ్బాయి, నా మోచెయ్యి ఒప్పుకోలేదు. తిరగలిలాగా రెండు చక్రాల మధ్య నలిపేది కావాలి, ఐదు వేలు దాటకూడదు. అలాంటిదే ఇంకో కంపెనీది ఆరు వందలు తక్కువకు దొరుకుతుంటే, "వీళ్లయితే సర్వీసు ఉంటుంది" అని వాదించి మీది కొనిపించింది నేనే. ఆ ఆరు వందల మాట మా అబ్బాయి రోజూ కాఫీ టైముకి గుర్తుచేస్తున్నాడు. అరకు గింజల్ని ఇప్పుడు రోట్లో దంచుకుంటున్నాను. రోలుకి టోల్‌ఫ్రీ నంబరు లేదు, అవసరమూ పడలేదు.

ఆన్‌లైన్లో అమ్మేవాళ్లు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలని, నెల రోజుల్లో తేల్చాలని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల్లో ఉంది. మీకు ఐదు వారాలయ్యాయి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరు మా ఫ్రిజ్ మీద అంటించి ఉంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల లోపు కేసుకి ఫీజు కూడా లేదట. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో 140 మంది ఉన్నారు, సంక్రాంతికి ముందు అందరూ ఏదో ఒకటి కొంటారు. రిటైరైన టీచర్ని, నాకు తీరికకు లోటు లేదు.

గ్రైండర్ మారుస్తారో, బాగుచేస్తారో, డబ్బు తిరిగిస్తారో మీరే తేల్చుకోండి. ముందు మాత్రం ఆ "కస్టమర్ ఇంట్లో లేరు" అన్న మాట మీ రికార్డులోంచి తీసెయ్యండి.

ఇట్లు,
ఆ రోజూ ఇంట్లోనే ఉన్న మీ కస్టమర్

తా.క.: ఈ ఉత్తరం అందగానే నాలుగో టికెట్ తెరిచి, సాయంత్రానికి క్లోజ్ చెయ్యకండి.